కంప్యూటర్ చదరంగం ఎట్లా ఆడుతుంది?

 

ఈసారి నేను చదరంగం ఆడే కంప్యూటర్ ప్రోగ్రాం గురించి వివరిస్తాను. మన కంప్యూటర్ గదిలో కిటికీ పక్కనున్న రెండు కంప్యూటర్లలో ఇది ఉంది. మీలో చాలామంది చూశారు, కొంతమంది ఆడారు. ఆడినవాళ్ళలో ఎక్కువమంది ఓడిపోయి మానేశారు. నా పక్క ట్రంకుపెట్టె అమ్మాయి వరసగా ఎనిమిది ఆటలు ఓడి, "ఇది చదువుకున్నోళ్ళ ఇళ్ళల్లో పిల్లల ఆటే, మన బుర్రలకు పట్టదు. దానికి అన్నీ తెలుసు" అని లేచిపోయింది. మళ్ళీ ఆ కుర్చీలో కూర్చోలేదు. దానికి అన్నీ తెలుసు అన్న మాట నిజం కాదు. దానికి ఏం తెలుసో, ఏం తెలియదో నేను కంప్యూటర్ సార్‌ను అడిగి, ఆడి, నోట్సు రాసుకుని తెలుసుకున్నాను. అదే ఇక్కడ రాస్తున్నా.

ముందు పేరు. తెర మీద బల్ల, పావులు కనిపించే ప్రోగ్రాం పేరు గ్నోమ్ చెస్. కానీ ఆలోచించేది అది కాదు. దాని వెనకాల ఇంకొకటి ఉంటది, దాని పేరు గ్నూ చెస్. వెనకాల ఉండి ఆలోచించేదాన్ని ఇంజిన్ అంటారు. మన హాస్టల్ బోరు గుర్తు తెచ్చుకోండి. మనకు కనిపించేది కుళాయి, నీళ్ళు తోడేది ఎక్కడో ఉన్న మోటారు. ఇదీ అంతే. కుళాయి అట్లాగే ఉంచి మోటారు మార్చినట్టు, గ్నోమ్ చెస్‌కు వేరే ఇంజిన్ కూడా తగిలించవచ్చు.

కొత్తగా నేర్చుకునేవాళ్ళకు ఇది ఎందుకు మంచిదంటే, పావు మీద నొక్కగానే అది ఏయే గడుల్లోకి పోగలదో రంగు మారి చూపిస్తది. గుర్రం నడక నాకు ఇట్లాగే వచ్చింది. ఎవరు చెప్పినా "రెండున్నర గడులు" అనేవాళ్ళు, ఆ అర గడి ఏంటో నాకు అర్థమయ్యేది కాదు. తెర మీద రంగు గడులు చూశాక ఒక్క పూటలో వచ్చేసింది. తప్పు ఎత్తు వేయబోతే అది ఒప్పుకోదు, పావు కదలదు. వేసిన ఎత్తు వెనక్కి తీసుకోవచ్చు, ఎన్నిసార్లైనా. బల్ల మీద మనుషులతో ఆడితే "ముట్టుకున్న పావే కదపాలి" అని గొడవ. ఇక్కడ గొడవ లేదు, నవ్వేవాళ్ళు లేరు. ఈజీ, నార్మల్, హార్డ్ అని మూడు మెట్లు ఉంటాయి. నా పక్క పెట్టె అమ్మాయి ఆ ఎనిమిది ఆటలూ ఏ మెట్టులో ఆడిందో తర్వాత చూశాను. హార్డ్‌లో ఉంది. అంతకుముందు ఎవరో పెట్టి వెళ్ళారు, ఆమెకు ఎవరూ చెప్పలేదు.

ఇప్పుడు అసలు సంగతి. అది ఎట్లా ఆలోచిస్తది?

మన ఊళ్ళల్లో పులి-మేక ఆట అందరికీ తెలుసు. బండ మీద బొగ్గుతో గీసి, మూడు పులులు, పదిహేను మేకలు పెట్టి ఆడతాం. మా తాత ఒక్క అక్షరం రాదు గానీ ఆ ఆటలో ఆయన్ని ఓడించినవాళ్ళు మా గూడెంలో లేరు. మేకను పెట్టేముందు గింజ చేతిలో పట్టుకుని గొణుక్కుంటాడు. "ఇక్కడ పెడితే పులి ఇటు దూకుద్ది, దూకితే నేను ఆ పక్క మూస్తా, మూస్తే అది అటు పోద్ది..." కంప్యూటర్ చేసే పని సరిగ్గా ఇదే. నేను ఇది వేస్తే వాళ్ళు ఏం వేస్తారు, దానికి నేను ఏం వేస్తాను. ఒకటే తేడా, తాత రెండు మూడు దారులు చూస్తాడు, కంప్యూటర్ లక్షల దారులు చూస్తది.

ఎన్ని దారులో లెక్క చూడండి. ఆట మొదట్లో తెల్లపావులవాళ్ళు వేయగల ఎత్తులు 20. ఎనిమిది బంట్లు ఒక్కోటి రెండు రకాలుగా కదలొచ్చు, అవి 16. రెండు గుర్రాలకు రెండేసి, అవి 4. నల్లపావులకూ 20. అంటే చెరొక ఎత్తు వేసేసరికి 20 ఇంటూ 20, 400 దారులు. మూడో ఎత్తుకు 8,902. నాలుగో ఎత్తుకు 1,97,281. ఐదో ఎత్తుకు 48,65,609. ఇంకా ఒక్క పావు కూడా సరిగ్గా బయటికి రాలేదు, అప్పుడే అర కోటి దగ్గరికి వచ్చింది. 1950లో అమెరికాలో క్లాడ్ షానన్ అనే శాస్త్రవేత్త కంప్యూటర్‌తో చదరంగం ఎట్లా ఆడించాలో ఒక వ్యాసం రాశాడు. అందులో మొత్తం ఆటల సంఖ్యను అంచనా వేశాడు. 1 పక్కన 120 సున్నాలు. ఈ అట్ట చుట్టూ అంచుకు పూలతీగ బదులు నేను వేసినవి ఆ సున్నాలే, కావాలంటే లెక్కపెట్టుకోండి. అన్ని ఆటలనూ చివరిదాకా చూడటం ఏ కంప్యూటర్ వల్లా కాదు. కాబట్టి అది కూడా కొంత దూరం చూసి ఆగిపోవాల్సిందే. మనలాగే.

ఆగినచోట ఆట బాగుందో లేదో దానికి ఎట్లా తెలుసు? మార్కులు వేస్తది. బంటుకు 1, గుర్రానికి 3, శకటుకు 3, ఏనుగుకు 5, మంత్రికి 9. (ఇంగ్లీషులో మంత్రిని రాణి అంటారు, కంగారుపడకండి.) రాజుకు మార్కు లేదు, రాజు చిక్కితే ఆటే అయిపోతది. నా పావుల మార్కులు కూడి, ఎదుటివాళ్ళ మార్కులు తీసేయాలి. ఎక్కువ మిగిలితే మంచిది. ఇది రెండో తరగతి కూడికలు, తీసివేతలు. దీనికి కొన్ని చిన్న మార్కులు కలుపుతారు. గుర్రం బల్ల మధ్యలో ఉంటే కొంచెం ఎక్కువ, మూలన ఉంటే తక్కువ, రాజు ముందు బంట్లు లేకపోతే తగ్గింపు. ఇట్లా. చిన్న మార్కులు వేయడానికి వీలుగా ప్రోగ్రాంలో బంటును 100 అని పెట్టుకుంటారు, రూపాయిని పైసల్లో లెక్కపెట్టినట్టు.

ఇక్కడ ఒక మెలిక ఉంది. అది నాకు అర్థం కావడానికి రెండు శనివారాలు పట్టింది. కంప్యూటర్ తనకు ఎక్కువ మార్కులు వచ్చే దారి వెతుకుతది సరే. కానీ మధ్యలో ఎదుటివాళ్ళ ఎత్తులు కూడా ఉంటాయి కదా. వాళ్ళు మనకు కావాల్సింది వేయరు, వాళ్ళకు కావాల్సింది వేస్తారు. అందుకని కంప్యూటర్ తన వంతు వచ్చినచోట అన్నిటికంటే ఎక్కువ మార్కులున్నది ఎంచుకుంటది, ఎదుటివాళ్ళ వంతు వచ్చినచోట తనకు అన్నిటికంటే తక్కువ మార్కులున్నది ఎంచుతది. అనగా ఎదుటి మనిషి తప్పు చేస్తారని ఆశ పెట్టుకోదు. మనం ఓడిపోయేది ఎక్కువగా ఆ ఆశ వల్లే, "వాళ్ళు చూసుకోరులే" అనుకుని వేస్తాం.

లక్షల దారులన్నీ చూడకుండా కొన్ని వదిలేసే ఉపాయం కూడా దానికి ఉంది. ఇప్పపూలు ఏరడానికి తెల్లవారుజామున పోతాం కదా, రెండు దారులు ఉన్నాయనుకోండి. మొదటి దారి చివరిదాకా చూసొచ్చాం, మహా అయితే బురద. రెండో దారిలో మొదటి మలుపులోనే ఎలుగు అడుగులు కనిపించాయి. ఇక ఆ దారిలో ముందు ముళ్ళున్నాయా, రాళ్ళున్నాయా అని చూస్తామా? చూడం, వెనక్కి తిరుగుతాం. కంప్యూటరూ అంతే. ఒక ఎత్తు వేస్తే మహా అయితే సరిసమానం అని ముందే తేలింది. రెండో ఎత్తుకు ఎదుటివాళ్ళ మొదటి జవాబులోనే తన ఏనుగు పోతోంది. ఇంక ఆ ఎత్తుకు మిగతా జవాబులు చూడటం దండగ. ఇంగ్లీషులో దీనికి ఆల్ఫా-బీటా అని పేరు. మంచి ఎత్తులను ముందు చూసే వరస కుదిరితే అదే టైములో సుమారు రెండింతల దూరం చూడగలదని సార్ చెప్పారు.

అది బోల్తా పడే చోటు కూడా చెప్పాలి. ఒక్క ఎత్తు దూరం మాత్రమే చూసే ప్రోగ్రాం ఉందనుకోండి. దాని మంత్రి మన బంటును తినగలదు. తింటే 1 మార్కు లాభం. అక్కడితో ఆగితే సంబరమే. కానీ ఆ బంటు వెనక ఇంకో బంటు కాపలా ఉంది, తర్వాతి ఎత్తులో మంత్రి పోతది, 9 మార్కులు నష్టం. కోడిపిల్లను చూసి దిగిన గద్ద వల చూడనట్టు. అందుకని మంచి ప్రోగ్రాముల్లో ఒక నియమం పెడతారు, పావులు తినడం, తిరిగి తినడం ఆగేదాకా చూసి అప్పుడే మార్కులు వేయాలని. అయినా ఎంత దూరం చూసినా దాని చూపు ఎక్కడో ఆగుతది. ఆగిన గీతకు అవతల ఉన్న ఆపద దానికి కనిపించదు. ఈజీ మెట్టు అంటే ఆ చూపును బాగా దగ్గరగా ఆపేయడమే. కాబట్టి ఈజీలో గెలవాలంటే రెండు మూడు ఎత్తుల తర్వాత పనిచేసే ఉచ్చు వేయండి. నాకు మొదటి గెలుపు ఇట్లాగే వచ్చింది, పదకొండో ఆటలో. ఆ రోజు కరెంటు పోతదేమోనని గుండె కొట్టుకుంటూనే ఉంది.

మా అమ్మ ఆదివారం చూడటానికి వచ్చినప్పుడు కిటికీలోంచి ఈ ఆట చూపించాను. అమ్మ కోయలో అడిగింది, నేను తెలుగులో రాస్తున్నా. "అవతల ఎవరున్నారు?" అంది. ఎవరూ లేరు, లెక్క ఉంది అన్నాను. "లెక్క ఎవరు పెట్టారు మరి?" అంది. మనుషులు పెట్టారు అన్నాను. "ఓడితే దానికి సిగ్గనిపించదా?" అంది. అనిపించదమ్మా, గెలిచినా సంతోషం ఉండదు అన్నాను. "అయితే మీ తాతే నయం" అని నవ్వింది. అమ్మ అడిగిన రెండో ప్రశ్నే నాకు అన్నిటికంటే ముఖ్యం అనిపించింది. లెక్క పెట్టింది ఎవరు?

కొంచెం చరిత్ర చెబుతాను. 1956లో అమెరికాలో లాస్ అలమోస్ అనేచోట మానియాక్ అనే కంప్యూటర్ ఉండేది. దాని బలం తక్కువ, అందుకని 64 గడుల బల్ల బదులు 36 గడుల చిన్న బల్ల పెట్టి, శకటులను తీసేసి ఆడించారు. చెరి రెండు ఎత్తులు చూడటానికి దానికి సుమారు 12 నిమిషాలు పట్టేది. అది మూడు ఆటలు ఆడింది. ఒకటి దానితో అదే. ఒకటి బాగా ఆడేవాడితో, ఆయన తన మంత్రిని తీసేసి ఆడి కూడా గెలిచాడు. మూడోది, వారం రోజుల్లో ఆట నేర్చుకున్న ఒక యువతితో. ఆమె మీద కంప్యూటర్ 23 ఎత్తుల్లో గెలిచింది. అంటే చదరంగంలాంటి ఆటలో కంప్యూటర్ చేతిలో మొదట ఓడింది మనలాగే కొత్తగా నేర్చుకున్న ఆడపిల్ల. ఆమె తర్వాత ఆడిందో మానేసిందో అని నేను ఒక్కోసారి అనుకుంటాను.

1997 మే నెలలో న్యూయార్క్‌లో డీప్ బ్లూ అనే కంప్యూటర్ ప్రపంచ ఛాంపియన్ గ్యారీ కాస్పరోవ్‌ను ఆరు ఆటల పోటీలో మూడున్నర – రెండున్నర పాయింట్లతో ఓడించింది. అది సెకనుకు సుమారు 20 కోట్ల స్థితులు చూసేది. ఛాంపియనే ఓడినప్పుడు మనం ఓడితే నామోషీ ఏముంది చెప్పండి. అయితే డీప్ బ్లూ ఐ.బి.ఎం. కంపెనీ సొంత యంత్రం. మన బడిలాంటి చోటికి వచ్చేది కాదు.

గ్నూ చెస్ సంగతి వేరు. దీన్ని 1984లో స్టూవర్ట్ క్రాక్రాఫ్ట్ అనే ఆయన మొదలుపెట్టాడు, తర్వాత చాలామంది చేతులు వేశారు. ఇది ఓపెన్ సోర్స్. అంటే ఏమిటంటే, ప్రోగ్రాంను మనుషులు కంప్యూటర్ భాషలో రాస్తారు. ఆ రాతను సోర్స్ అంటారు. చాలా కంపెనీలు ఆ రాతను చూపించవు. ఓపెన్ సోర్స్‌లో ఎవరైనా చదవొచ్చు, వాడొచ్చు, మార్చొచ్చు, పక్కవాళ్ళకు ఇవ్వొచ్చు. గ్నూ చెస్‌కు ఒక షరతు ఉంది. నువ్వు మార్చినదాన్ని ఇంకొకరికి ఇస్తే, దాని రాత కూడా వాళ్ళకు అందుబాటులో పెట్టాలి. విత్తనాల సంగతి లాంటిదే. మా ఊళ్ళో కొర్రల విత్తనం పక్కింటివాళ్ళు అడిగితే ఇస్తారు, వాళ్ళ దగ్గర బాగా పండితే వచ్చే ఏడు మనకూ ఇస్తారు. తీసుకున్నవాడు మూట కట్టి "ఇది నాదే" అనకూడదు.

అట్లా అన్నవాళ్ళు లేకపోలేదు. ఇప్పుడున్న ఇంజిన్లలో చాలా బలమైనది స్టాక్‌ఫిష్. 2008లో నార్వే, ఇటలీ, ఫిన్లాండ్ దేశాలవాళ్ళు మొదలుపెట్టారు, అదీ ఓపెన్ సోర్సే. దాని నుంచి తయారుచేసిన ప్రోగ్రాంను జర్మనీలో ఒక కంపెనీ షరతు పాటించకుండా అమ్ముతోందని 2021లో స్టాక్‌ఫిష్‌వాళ్ళు కోర్టుకు వెళ్ళారు. 2022లో రాజీ కుదిరింది. జీతం లేకుండా రాసేవాళ్ళు కంపెనీ మీద కోర్టుకెక్కి నిలబడ్డారు. ఈ సంగతి నాకు డీప్ బ్లూ గెలుపు కంటే బాగా నచ్చింది.

కంప్యూటర్ సార్ ఒక శనివారం గ్నూ చెస్ రాతను తెర మీద తెరిచి చూపించారు. సి++ అనే భాష. నాకు నూటికి తొంభై పాళ్ళు అర్థం కాలేదు. కానీ మధ్యలో పాన్, నైట్, బిషప్ అనే మాటలు, పక్కన అంకెలు కనిపించాయి. ఆ అంకెలను మార్చితే అది మన గుర్రాన్ని ఏనుగు కంటే ఎక్కువ విలువగా చూసుకుంటది. అంతసేపూ పెద్ద తెలివి అనుకున్నది, ఎవరో కూర్చుని రాసిన వరసలు. తెలుగును కంప్యూటర్‌లోకి తేవడానికి హైదరాబాద్‌లో స్వేచ్ఛ అనే సంస్థవాళ్ళు ఇట్లాంటి ఓపెన్ సోర్స్ మీదే పనిచేశారు. మన ల్యాబ్‌లో భాషల పట్టీ తెరిచి చూశాను, తెలుగు ఉంది. కోయ లేదు. రాయొద్దని మాత్రం ఎక్కడా లేదు. రాజు, గుర్రం, ఏనుగు, "నీ వంతు", "ఆటకట్టు", ఇంకా కొన్ని కలిపి ముప్పై మాటలు కోయలో తెలుగు లిపితో నోట్సులో రాసిపెట్టాను. మంత్రికి, శకటుకు ఏం మాట పెట్టాలో తెలియలేదు. మీ ఇంట్లో పెద్దవాళ్ళను అడిగి చెప్పండి. గోండు, కొండరెడ్డి, లంబాడీ అక్కలు మీ మీ మాటలు రాయండి, వేరే పేజీలు వదిలాను.

చదరంగంలో మన తెలుగు అమ్మాయిలకు కొదవలేదు. గుడివాడలో పుట్టిన కోనేరు హంపి 2002లో 15 ఏళ్ళకే గ్రాండ్‌మాస్టర్ అయింది. 2019లోనూ, మళ్ళీ 2024లోనూ ప్రపంచ ర్యాపిడ్ ఛాంపియన్. గుంటూరు అమ్మాయి ద్రోణవల్లి హారిక కూడా గ్రాండ్‌మాస్టరే. పోయినేడు మనవాళ్ళం ఆటల పోటీలకు వెళ్ళినప్పుడు, చదరంగానికి పేరు ఇవ్వబోతే అక్కడ పేర్లు రాసుకునే ఒకరు "మీరు ఖో-ఖో ఆడుకోండమ్మా, ఇది మీకెందుకు" అన్నారు. ఖో-ఖోలో కప్పు తెచ్చాం, అది వేరే సంగతి. కానీ ఈసారి చదరంగానికి కనీసం నలుగురం పేర్లు ఇవ్వాలని నా కోరిక.

అందుకు వార్డెన్ మేడమ్ గారికి ఒక మనవి. ల్యాబ్ శనివారం ఒక గంట తీస్తున్నారు, అదీ తొమ్మిది, పది తరగతులకే. ఆరు, ఏడు, ఎనిమిది చెల్లెళ్ళు కిటికీ దగ్గర నిలబడి చూస్తున్నారు. ఆదివారం మధ్యాహ్నం భోజనాలయ్యాక రెండు గంటలు తీయిస్తే, ఒక్కొక్కరికి పావుగంట చొప్పున రిజిస్టరులో పేర్లు రాసుకుని ఆడతాం. తాళంచెవికి నేను, పదో తరగతి లీడరు అక్క బాధ్యత తీసుకుంటాం. చెప్పులు బయట విడుస్తాం, పొడి గుడ్డతో తుడుస్తాం. హాస్టల్‌లో ఉన్న ఒక్క చదరంగం బల్లకు కూడా రెండు బంట్లు పోయాయి, చింతగింజలు పెట్టి ఆడుతున్నాం. దానికేం ఇబ్బంది లేదు.

కొత్తగా కూర్చునేవాళ్ళకు రెండు మాటలు. ముందు ఏ మెట్టులో ఉందో చూసి ఈజీ పెట్టుకోండి. ఓడిపోతున్నారని ఆట మూసేయకండి. ఎత్తులు ఒక్కొక్కటే వెనక్కి తీసుకుంటూ పోతే ఎక్కడ పాడైందో కనిపిస్తది, అక్కడి నుంచి వేరేగా ఆడండి. నా పక్క పెట్టె అమ్మాయీ, ఇది నీకే. వచ్చే శనివారం నా పావుగంట నీకు ఇస్తున్నా, రిజిస్టరులో నీ పేరు రాశాను.

ఇక ఒక లెక్క. నల్ల రాజు జి8 గడిలో ఒంటరిగా ఉన్నాడు. తెల్ల రాజు జి6లో, తెల్ల ఏనుగు ఎ1లో ఉన్నాయి. తెల్లవాళ్ళ వంతు. ఒక్క ఎత్తులో ఆటకట్టు చేయాలి. ఎత్తు రాస్తే సరిపోదు, నల్ల రాజు పారిపోగల ఐదు గడుల పేర్లు రాసి, ఒక్కొక్కదాన్ని ఎవరు ఆపుతున్నారో కూడా రాయాలి. జవాబు కాగితాలు పేరు, తరగతి వేసి శుక్రవారం లోపు ఈ అట్ట కింద కట్టిన సంచిలో వేయండి.

ఇట్లు,
9వ తరగతి విద్యార్థిని